ఇద్దరు పిల్లలు, ఒక అద్దె స్ట్రోలర్

ఆర్లాండోలో ఇద్దరు పిల్లలకి సరిపోయే స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) అద్దెకి తీసుకోవడం కంటే ఇల్లు అద్దెకి తీసుకోవడం సులువేమో! అక్కడి థీమ్ పార్కు డిస్నీ వరల్డ్‌లో వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 దాటితే రానివ్వరు, పిల్లల్ని కూర్చోబెట్టి లాక్కెళ్లే వ్యాగన్లు 2019 నుంచే బంద్. సరే, రూల్ రూలే. మరి అద్దెకిచ్చే మహానుభావులు ఆ కొలతలేవో ముందే రాయొచ్చుగా? పక్కపక్కన కూర్చోబెడితే జుట్లు పట్టుకుంటారు, ముందూ వెనకా అయితే వెనకున్నవాడికి అక్క సీటు తప్ప ఏమీ కనపడదు, ఇక ఒకటే ఏడుపు. "నాలుగేళ్ల పిల్లకి స్ట్రోలరెందుకండీ?" అని ఉచిత సలహా ఒకటి. ఫ్లోరిడా ఎండలో పొద్దుటి నుంచీ నడిపించి చూడండి, తెలుస్తుంది! పైగా హోటల్ షటిల్ ఎక్కాలంటే మడవాలట. చంకలో చంటాడు, భుజాన డైపర్ బ్యాగు, కప్ హోల్డర్‌లోంచి కారుతున్న జ్యూసు... ఏ చేత్తో మడవమంటారు? ఇంతా చేస్తే వాన కవరుకి వేరే ఛార్జీ!