విడిగా కట్టేస్తే గుర్రం ప్రశాంతంగా ఉంటుందా?

గుర్రాలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "గుర్రాలను కలిపి వదలకండి, తన్నుకుని కాళ్లు విరగ్గొట్టుకుంటాయి. మగ గుర్రాన్ని ఇంకో మగ గుర్రం కంట పడనివ్వకండి. ఊగే గుర్రాన్ని చూస్తే మిగతావాటికీ ఆ అలవాటు అంటుకుంటుంది, మధ్యలో గోడ కట్టండి. ఒంటరిగా పెరిగిన గుర్రమే యజమాని మాట వింటుంది." కొత్తగా గుర్రం కొన్నవాళ్లు ఇది నమ్మి లాయంలో పైకప్పు దాకా గోడలు లేపుతున్నారు. చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు తన్నుల సంగతి. గుర్రాలు తన్నుకోవని నేను అనను. ఎప్పుడు తన్నుకుంటాయో చూడాలి. ఇరుకు దొడ్డిలోకి ఆరింటిని తోలి ఒకే తొట్టిలో దాణా పోస్తే తన్నుకుంటాయి. నిన్న వచ్చిన గుర్రాన్ని ఇవాళే గుంపులోకి వదిలితే తన్నుకుంటాయి. మాటిమాటికీ గుంపును మారుస్తుంటే ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క వాటి మధ్య ఎప్పటికీ కుదరదు. అది కుదిరిన గుంపును ఒక పూట నిలబడి చూడండి. ఒకటి చెవులు వెనక్కి వాలుస్తుంది, మహా అయితే తల విసురుతుంది, రెండోది పక్కకు జరుగుతుంది. చాలాసార్లు గొడవ అంతటితో సరి.

కొత్తదాన్ని మొదట పక్క గదిలో, ఊచల్లోంచి వాసన చూసుకునేలా ఉంచాలి. తర్వాత కంచెకు అటొకటి, ఇటొకటి. ఆ తర్వాతే విశాలమైన చోట, తరిమితే మూలన ఇరుక్కుపోని చోట కలపాలి. వెనక కాళ్ల లాడాలు ముందే తీయించాలి. గుర్రాలెన్నో అంతకంటే ఒకటి రెండు ఎక్కువ గడ్డి కుప్పలు దూరదూరంగా వేయాలి. వదిలేస్తే రోజులో 14 నుంచి 16 గంటలు మేసే జంతువు అది. రెండు పూటలా ఉలవలు పెట్టేసి మిగతా వేళంతా ఖాళీ కడుపుతో నిలబెడితే గొడవ పడక ఏం చేస్తుంది?

మగ గుర్రాల మాటకొస్తే, స్వేచ్ఛగా తిరిగే మందల్లో ఈడొచ్చిన మగపిల్లలు పుట్టిన గుంపును వదిలి మగవాటితోనే గుంపు కట్టి తిరుగుతాయి. స్విట్జర్లాండ్‌లో అవాంష్ ఊళ్లోని జాతీయ అశ్వశాల వాళ్లు సంతతి కోసం వాడే మగ గుర్రాలనే పెద్ద పచ్చికలో కలిపి వదిలి చూశారు. మొదట్లో కీచుమని అరవడం, పేడ కుప్పల దగ్గర వాసన చూసుకుంటూ బెదిరించుకోవడం బాగానే జరిగింది. మూడు నాలుగు రోజులకల్లా చాలావరకు సద్దుమణిగింది. చుట్టుపక్కల ఆడ గుర్రాలు లేకుండా చూసుకున్నారు. అది మనం కూడా మరిచిపోకూడదు.

ఇక ఊగడం. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ మూడో మాటే. గది తలుపు దగ్గర నిలబడి గంటల తరబడి కుడికీ ఎడమకీ ఊగే గుర్రాన్ని "దురలవాటు పట్టింది" అంటారు. అది చాలావరకు తోడు కోసం పడే టెన్షన్. పక్క గుర్రం కనిపించేలా కిటికీలు తెరిస్తే ఊగడం తగ్గుతుందని ఇంగ్లండ్‌లో పరీక్షించి చూశారు. చివరికి గదిలో అద్దం పెట్టినా తగ్గింది. తన నీడనే తోడనుకుని కుదుటపడే ప్రాణికి అంటువ్యాధి అని పేరు పెట్టి గోడ కడితే, ఉన్న కాస్త ఊరటా తీసేసినట్టే. నాకు తెలిసిన ఒక లాయంలో గోడ లేచాకే ఓ ముసలి రేసు గుర్రం ఊగడం మొదలుపెట్టింది.

యజమాని మాట వినడం గురించి కూడా చెప్పాలి. రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలబడి మెడ మొదట్లో, జూలు ముగిసే చోట ఒకదాన్నొకటి పళ్లతో గీరుకోవడం చూసే ఉంటారు. ఫ్రాన్స్‌లోని కామార్గ్ గుర్రాలకు అదే చోట మనిషి చేత్తో గీరితే గుండె వేగం తగ్గినట్టు 1993లో నమోదు చేశారు. మనం కూడా ఆ సుఖం ఇవ్వగలం. కానీ రోజుకు గంటో రెండు గంటలో. మిగతా ఇరవై రెండు గంటలు? గుర్రం నిలబడి కునుకు తీస్తుంది గానీ గాఢనిద్రకు పడుకోవాలి, పడుకోవాలంటే భయం లేదన్న ధీమా ఉండాలి. మందలో ఒకటి పడుకుంటే ఇంకొకటి నిలబడి కాపలా కాస్తుంది. ఒంటరి గుర్రానికి ఆ కాపలా ఎవరు?

గ్లాండర్స్ (గుర్రాలకు వచ్చే, మనుషులకూ సోకే ప్రమాదకరమైన అంటువ్యాధి) లాంటి జబ్బు అనుమానం ఉంటే మాత్రం వెంటనే విడిగా ఉంచాల్సిందే. డాక్టరు చెప్పిన మరుక్షణం. ఆ జాగ్రత్తను ఆరోగ్యంగా ఉన్న గుర్రాలన్నిటికీ శిక్షగా మార్చకండి.

ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చట అనేవాళ్లున్నారు. ముచ్చట కాదు, కనీస అవసరం అనుకునే స్విట్జర్లాండ్ 2008 జంతు సంరక్షణ నిబంధనల్లో ప్రతి గుర్రానికీ ఇంకో గుర్రం కనిపించాలి, వినిపించాలి, వాసన తెలియాలి అని రాసుకుంది. పాలు మాన్పించిన పిల్లలను గుంపుగానే పెంచాలంది. గోడ కట్టకపోవడానికి మనకు అయ్యే ఖర్చేమీ లేదు. ఒకే గుర్రం ఉన్నవాళ్లు దగ్గర్లో ఇంకొకరితో మాట్లాడుకుని రెంటినీ ఒకచోట ఉంచవచ్చు. అది కుదిరేదాకా మేకనైనా తోడు పెట్టండి, అసలు లేనిదానికంటే నయం. గోడ ఇప్పటికే లేచి ఉంటే ఛాతీ ఎత్తు నుంచి పైన ఇటుకలు తీయించి నిలువు ఊచలు పెట్టించండి, డెక్క ఇరుక్కోనంత దగ్గరగా.