వందనం చెల్లదట, వండింది మాత్రం చెల్లిందట

నిన్న సాయంత్రం నుంచి పళ్లు కొరుకుతూనే ఉన్నాను. రాసేస్తే తప్ప ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు.

మా చిన్నాన్న కొడుకు కొత్త ఇల్లు కట్టుకుని కృతజ్ఞతా కూడిక పెట్టాడు. వాక్యం చెప్పడానికి మరదలి తరఫువాళ్లకు తెలిసిన ఒక అయ్యగారిని పిలిచారు. ఆయనది ముంపు బాప్తిస్మం వాళ్ల సంఘం. మాది చిలకరింపు. (తెలియని మిత్రుల కోసం ఒక్క ముక్క: సంఘంలో చేర్చుకునే బాప్తిస్మంలో మనిషిని నీళ్లలో నిలువునా ముంచాలా, తల మీద చల్లితే చాలా అన్నది మా వాళ్లలో ఆస్తి తగాదా కంటే పెద్ద తగాదా.) మా అమ్మకు డెబ్భై దాటాయి. తెల్లవారుజామున నాలుగింటి నుంచి పొయ్యి దగ్గరే ఉంది. అయ్యగారు కారు దిగి వస్తుంటే కొంగుకు చేతులు తుడుచుకుని, ముసుగు సర్దుకుని, రెండు చేతులూ జోడించి "వందనాలు అయ్యగారూ" అంది. అయ్యగారు చూశారు. చూడలేదని సరిపెట్టుకోవడానికి లేదు, నేను పక్కనే ఉన్నాను. చూసి, బైబిలు సంచి వెనక ఉన్న కుర్రవాడికి అందించి లోపలికి వెళ్లిపోయారు. అమ్మ చేతులు అలాగే జోడించి ఉన్నాయి.

కూడిక అయ్యాక మా తమ్ముడు నెమ్మదిగా కదిపితే వచ్చిన జవాబు ఇది: "పెద్దమ్మగారి మీద నాకేమీ లేదు బాబూ. వాక్యం ఒప్పుకోదు. రెండవ యోహాను పదో వచనం చదువుకో."

బైబిల్లో యోహాను పేరున ఉన్న ఒక చిన్న ఉత్తరం అది. చదవకేం, చదివాను. చిన్నప్పటి నుంచీ చదువుతూనే ఉన్నాను. ఈ బోధ తేకుండా ఎవడైనా మీ దగ్గరికి వస్తే ఇంట చేర్చుకోవద్దు, శుభమని కూడా చెప్పవద్దు అని ఉంది. అయ్యా, ఒక్క చిన్న సందేహం. నిన్న ఇంటికి వచ్చిందెవరు? ఇల్లు మాది. అతిథి మీరు. ఆ వచనాన్ని అక్షరాలా పాటిస్తే గడప అవతల ఆగవలసింది ఎవరు?

సరే, అక్కడితో ఆగినా ఊరుకునేవాణ్ణి. వడ్డన మొదలయ్యాక అయ్యగారు నాటుకోడి కూర రెండుసార్లు వేయించుకున్నారు. "కార్జం ముక్క ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగి మరీ వేయించుకున్నారు. ఆ కూర వండింది ఎవరో ఆయనకు తెలుసు. చిలకరింపు చేతుల వందనం అపవిత్రం. అవే చేతులతో నూరిన మసాలా పరిశుద్ధం. దుర్బోధ కోడిలోకి ఎక్కదు కాబోలు!

ఇంకో సంగతి. ప్రసంగంలో ఆయన తనకు బాగా ఇష్టమైన కథ ఒకటి చెప్పారు. యేసు శిష్యుడైన యోహాను ఎఫెసులో స్నానాల గదికి వెళ్లాడట. లోపల సెరింథస్ అనే దుర్బోధకుడు ఉన్నాడని తెలియగానే, కప్పు కూలిపోతుందేమో పదండి అంటూ బయటికి పరుగెత్తాడట. కథ పాతదే. స్ముర్న బిషప్పు పోలికార్ప్ నోట విన్నవాళ్లు ఉన్నారని ఇరేనియస్ అనే మరో బిషప్పు సుమారు క్రీ.శ. 180లో రాశాడు. నాకూ ఇష్టమైన కథే. కాకపోతే గమనించండి, యోహాను స్నానం చేయకుండానే పరుగెత్తాడు. మన అయ్యగారు భోజనం చేయకుండా పరుగెత్తారా?

అసలు ఆ రెండవ యోహాను ఉత్తరం ఎవరి గురించి రాశారో ఒక్కసారైనా చెప్పండయ్యా. యేసుకు నిజమైన శరీరం లేదు, ఉన్నట్టు కనిపించిందంతే అనేవాళ్ల గురించి. ఆ రోజుల్లో ఊరూరా తిరిగే బోధకులుండేవారు. సంఘమంటే ఎవరో ఒకరి ఇల్లే. ఇంట చేర్చుకోవడమంటే బస ఇచ్చి, తిండి పెట్టి, దారి ఖర్చులు చూసి, వాళ్ల బోధకు మన ఇంటిని వేదిక చేయడం. గుమ్మంలో నిలబడి చేతులు జోడించిన ముసలావిడ ప్రస్తావన అందులో ఎక్కడుంది? మా అమ్మకు శరీరం లేని క్రీస్తు తెలియనే తెలియడు. మోకాళ్ల నొప్పి వచ్చినప్పుడల్లా "నువ్వూ నడిచినవాడివే కదయ్యా, నీకు తెలియదా" అని ఆయనతోనే మొరపెట్టుకుంటుంది.

అదే పొరపాటు బోధ మీద అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ కూడా మండిపడ్డాడు. రెండో శతాబ్దం మొదట్లో సంకెళ్లతో రోమాకు తీసుకుపోతుంటే దారిలో స్ముర్న సంఘానికి ఉత్తరం రాశాడు. ఆ తప్పుడు బోధకుల గుర్తు ఏమిటో కూడా చెప్పాడు: విధవరాలి గురించి పట్టదు, అనాథ గురించి పట్టదు, ఆకలిగొన్నవాడి గురించి పట్టదు. మా అమ్మ విధవరాలు. ఇంతకంటే ఏమీ అనను.

ఇక డిడకే సంగతి. అపొస్తలుల బోధ అని పేరున్న చిన్న పుస్తకం. మొదటి శతాబ్దం చివరిదో, రెండో శతాబ్దం మొదటిదో. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బ్రియెన్నియోస్ అనే బిషప్పుకు దాని ప్రతి దొరికింది, 1883లో అచ్చయింది. దొంగ ప్రవక్తను పట్టుకోవడానికి అందులో ఉన్న పరీక్షలు చదివితే మన సంఘాల్లో సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. వచ్చినవాడు ఒకరోజు ఉండాలి, అవసరమైతే రెండో రోజు. మూడు రోజులు ఉన్నాడా, దొంగ ప్రవక్త. వెళ్లేటప్పుడు మళ్లీ బస దొరికేదాకా సరిపడా రొట్టె తప్ప ఏమీ పట్టుకుపోకూడదు. డబ్బు అడిగాడా, దొంగ ప్రవక్త. ఆత్మావేశంలో భోజనం సిద్ధం చేయమని చెప్పి తానే తింటే, వాడూ దొంగ ప్రవక్తే. కార్జం ముక్క గురించి విడిగా రాయలేదు, రాయవలసింది. రోమాలో హెర్మాసు రాసిన, అంతే పాత పుస్తకంలోనూ ఇదే పాట: దొంగ ప్రవక్తకు ముందు కుర్చీ కావాలి, జీతం కావాలి, డబ్బు ముట్టకపోతే ప్రవచనం రాదు. నిన్న హాల్లో ప్లాస్టిక్ కుర్చీలన్నింటికీ ముందు తెల్ల తువ్వాలు పరిచిన ఒక పెద్ద కుర్చీ వేయించారు. ఎవరి కోసమో చెప్పాలా? ఊరి మొగలో ఆయన స్వస్థత సభల ఫ్లెక్సీ ఉంది. ఆ ఫ్లెక్సీలో యేసు బొమ్మ కంటే ఆయన బొమ్మ పెద్దది, ఆయన బొమ్మ కంటే కానుకల క్యూఆర్ కోడ్ ఇంకాస్త స్పష్టంగా ఉంది.

అదే డిడకేలో ఏడో అధ్యాయం చూడండి. బాప్తిస్మం పారే నీళ్లలో ఇవ్వండి, పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లలో, చన్నీళ్లు కుదరకపోతే వేణ్ణీళ్లలో, అవేవీ చాలినన్ని లేకపోతే తల మీద మూడుసార్లు పోయండి అంటుంది. ఎంత నిదానంగా చెప్పాడో ఆ మహానుభావుడు! ఎవరో రెండు బిందెల నీళ్లకు కరువైన ఊళ్లో కూర్చుని రాసినట్టుంటుంది.

నీళ్లంటే గుర్తొచ్చింది. అసలు నా కడుపుమంట నిన్నటిది కాదు.

నేను పదో తరగతిలో ఉండగా మా తాత పోయాడు. వానాకాలం. ఊళ్లో ఉన్న ఒక్క సమాధుల తోట వేరే సంఘం చేతిలో ఉండేది, గేటు తాళం వాళ్ల సంఘ పెద్ద దగ్గర. తాతకు చిన్నప్పుడు తల మీద నీళ్లు చల్లారు, ముంచలేదు. కాబట్టి ఆయనది "వేరొక సువార్త" అన్నారు. గలతీయులకు పౌలు రాసిన ఉత్తరం ఒకటో అధ్యాయం ఎనిమిదో వచనం చదివి వినిపించారు, శాపగ్రస్తుడవును గాక అన్న మాటతో సహా. పెట్టె మీద వాన పడకుండా నలుగురం బరకం పట్టుకుని నిలబడ్డాం. మూడు గంటలు. అమ్మ గేటు ఊచలు పట్టుకుని ఏడవకుండా నిలబడింది. చివరికి చర్చి గడప ఎన్నడూ తొక్కని ఒక రైతు, కాలవ గట్టు పక్కన తన చేను చివర జాగా ఇచ్చాడు.

ఆ మాట వినిపించిన పెద్దమనిషి పక్క పేజీ తిప్పితే బాగుండేది. రెండో అధ్యాయంలోనే ఉంది. అంతియొకయలో కేఫా, అంటే పేతురు, అన్యజనులతో (యూదులు కానివాళ్లతో) కలిసి భోంచేసేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు, పౌలు తోటివాడు బర్నబా కూడా వాళ్లతో కొట్టుకుపోయాడు. పౌలు అందరి ముందే కేఫాను నిలదీశాడు. ఆ ఉత్తరమంతా నడిచింది ఆ పంక్తి మీద! సున్నతి లేనివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోము అన్నవాళ్ల మీద వేసిన శాపాన్ని తెచ్చి, మా తాతను పక్కన పడుకోనివ్వము అనడానికి వాడారు. మా తాత ఊరి హోటల్లో వేరే గ్లాసులో టీ తాగి, తానే కడిగి బోర్లించి వచ్చిన మనిషి. ఆ గ్లాసు వదిలించుకోవడానికే కదా ఆయన తండ్రి ఈ మతంలోకి వచ్చింది.

వీళ్లందరికీ రెండవ యోహాను కంఠతా వచ్చు. మూడవ యోహాను ఎందుకు రాదు? అదీ ఒక్క పేజీయే, ఆ పక్కనే ఉంది. అందులో దియొత్రెఫే అనే ఒకాయన ఉంటాడు. ఆయనకు ప్రధానత్వం కావాలి. వచ్చిన సహోదరులను చేర్చుకోడు, చేర్చుకునేవాళ్లను ఆటంకపరుస్తాడు, సంఘంలో నుంచి వెలివేస్తాడు. తెలుగు బైబిల్లో ఉన్న మాట అదే, వెలివేయడం. వెలి అంటే ఏమిటో మా వాడకు ఏ భాష్యకారుడూ అర్థం చెప్పనక్కర్లేదు. నలభై ఏళ్లుగా చర్చికి వెళుతున్నాను. దియొత్రెఫే మీద ఒక్క ప్రసంగం వినలేదు.

"అయితే దుర్బోధే లేదంటావా?" అని కింద రాయబోయే సోదరులకు ముందే వందనాలు. ఉంది. బోలెడంత ఉంది. కానీ ఆ ముద్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్లు అవతలివాళ్ల మీద వేస్తారు. పేతురు రెండో ఉత్తరం దొంగ బోధకులను నీళ్లులేని బావులు అంటుంది. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర ఒక జాడీలో పాత పుస్తకాలు దొరికాయి కదా, అందులో ఒకటి పేతురు పేరుతోనే ఉంది. అది ఎవరిని ఎండిపోయిన కాలవలు అంటుందో తెలుసా? బిషప్పులమనీ డీకన్లమనీ పేర్లు పెట్టుకున్నవాళ్లను! ఇటు బావి, అటు కాలవ. మధ్యలో దాహంతో ఉన్నది ఎవరో ఎవరికీ పట్టలేదు.

పొద్దున అమ్మ ఫోను చేసింది. తిడుతుందేమో, కనీసం బాధపడుతుందేమో అనుకున్నాను. "కూర ఆయనకు నచ్చింది రా, కారం ఎక్కువైందేమో అని భయపడ్డాను" అంది. వెళ్లేటప్పుడు మరదలు ఆయనకు మిగిలిన కూర, గారెలు, పెరుగన్నం క్యారియర్ కట్టి ఇచ్చిందట. రొట్టె తప్ప ఏమీ పట్టుకుపోకూడదన్న సంగతి మా మరదలికి తెలియదు పాపం. క్యారియర్ అమ్మది. పెళ్లికి తాత కొనిచ్చిన నాలుగు గిన్నెల ఇత్తడి క్యారియర్, మూత మీద ఆయన పేరు చెక్కి ఉంటుంది. ఇంకా తిరిగి రాలేదు. రేపు ఆదివారం ఆరాధన అయ్యే వేళకు ఆయన చర్చి గుమ్మం దగ్గరికి వెళ్లి నేనే అడగబోతున్నాను. ముందుగా వందనాలు కూడా చెబుతాను, గట్టిగా.