మందు మీకు అలవాటు కాలేదు బాబాయ్

మా బాబాయి మొన్న జలుబు చేస్తే మెడికల్ షాపుకి వెళ్లి మూడు అజిత్రోమైసిన్ మాత్రలు తెచ్చుకున్నారు. అది యాంటీబయాటిక్, అంటే బ్యాక్టీరియా మీద పనిచేసే మందు. డాక్టరు చీటీ లేదు, అడిగినవాళ్లూ లేరు. రెండు వేసుకున్నా తగ్గలేదు. "ఒకప్పుడు ఒక్కదానికే తగ్గేదిరా, ఇప్పుడు ఒంటికి మందు అలవాటు పడిపోయింది" అన్నారు. పాతికేళ్లుగా ఈ మాట వింటున్నాను, ఇక నా వల్ల కాదు.

జలుబు తెచ్చేది వైరస్. దాని మీద ఈ మాత్రలు ఒకటి వేసినా పది వేసినా ఒకటే. అప్పట్లో తగ్గింది కూడా తగ్గే రోజు వచ్చింది కనుకే. అది అలా ఉంచితే, అలవాటు పడేది మన ఒళ్లు కానే కాదు. మందుకు లొంగకుండా పోయేది ఒంట్లోని బ్యాక్టీరియా.

పాలు తోడు పెట్టే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది అర్థం కాకపోవడం వింత. చెంచాడు పెరుగు వేస్తాం. కాసేపు గిన్నెలో ఏమీ జరిగినట్టుండదు, పెరుగులోని బ్యాక్టీరియా కొత్తచోట సర్దుకుంటాయి. ఆ తర్వాత ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ప్రయోగశాలలో అన్నీ అమర్చిపెడితే, మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఒకే ఒక్క కణం ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది, పది గంటల్లో 107 కోట్లు. తిండి అయిపోయి, తాము వదిలిన వ్యర్థాలే తమకు అడ్డుపడ్డాక గానీ ఆగవు. పెరుగు పులిశాక ఇక మారనట్టుండేది అందుకే. పెన్సిలిన్ లాంటి మందు కొత్త గోడ కట్టుకుంటున్న కణాన్నే కూలుస్తుంది. పని ఆపి కూర్చున్నది చాలాసార్లు తప్పించుకుంటుంది.

ఇన్ని కోట్ల సార్లు తన డీఎన్‌ఏకి నకళ్లు తీసేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. ఆ తప్పే ఒక్కోసారి మందు నుంచి కాపాడుతుంది. సరే, అది దాని పిల్లలకే దక్కితే మనకు ఇంత తంటా ఉండేది కాదు. కానీ బ్యాక్టీరియా ఆస్తి వారసులతో ఆగదు, పక్కింటికీ వెళ్తుంది. 1928లో గ్రిఫిత్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఎలుకల మీద చూపించింది ఇదే: చంపేసిన ప్రమాదకరమైన న్యుమోనియా బ్యాక్టీరియా నుంచి, బతికున్న సాధువైన రకం గుణం తీసుకుని తానూ హంతకిగా మారింది. చచ్చినవాళ్ల ఆస్తి కూడా వదలవన్నమాట! 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు రెండు బతికున్న ఈ.కోలైలే జన్యువులు కలుపుకుంటాయని తేల్చారు. ఒకటి సన్నటి నూలుపోగు లాంటి తీగ చాచి రెండోదాన్ని దగ్గరకు లాక్కుంటుంది, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట నకలు దానికి అందిస్తుంది. కొన్ని నిమిషాల పని. అందుకున్నది మళ్లీ ఇంకోదానికి ఇవ్వగలదు. ఒకే జాతి అయి ఉండాలన్న పట్టింపు కూడా లేదు.

నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది జపాన్ ముచ్చట. రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా అక్కడ 1950లలో ఒకేసారి నాలుగు మందులకు లొంగడం మానేసింది. నాలుగు తప్పులు ఒకే కణంలో ఒకేసారి పడ్డాయంటే ఎవరు నమ్ముతారు? 1959లో అక్కడి శాస్త్రవేత్తలు గుట్టు విప్పారు: ఆ నాలుగూ కట్టగట్టుకుని ఈ.కోలైకీ షిగెల్లాకీ మధ్య చేతులు మారుతున్నాయి. ఆ నాలుగింటిలో టెట్రాసైక్లిన్ ఒకటి. ఆ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్ 1948లో వెలువడింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన పరిశోధన విభాగం నుంచే. పదేళ్లు తిరిగేసరికి ఇదీ దాని గతి.

ఇక మన ఇంటి సంగతి. పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అదీ శుద్ధి చేశాక! ఒక్క రోజులో పారిపోయిన మందు స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడేదానికి సమానమని లెక్క కట్టారు. ఆ నీరు పారే వాగుల అడుగు బురదలో మందును తట్టుకునే జన్యువులతో పాటు, వాటిని మోసుకు తిరిగే ప్లాస్మిడ్ల లాంటివీ కుప్పలుగా ఉన్నాయని 2011లో ఇంకో అధ్యయనం చెప్పింది. అంటే అక్కడ సంత నడుస్తోంది. మందు తట్టుకునేవే బతికే చోట, తట్టుకునే కిటుకు చేతులు మారుతోంది.

అందుకే రోగిని మాత్రమే నిలబెట్టి తిట్టే ప్రకటనలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బాబాయి మూడు మాత్రలు తప్పే, కాదనను. ఆయన పేగుల్లో మందును తట్టుకుని మిగిలిన బ్యాక్టీరియా రేపు మనవడి పేగుల్లోకి చేరవచ్చు. కానీ వాగులోకి మందు వదిలినవాళ్ల ముందు ఎంత చిన్న తప్పు! ఆయన్ని నిలదీసినంత తేలిగ్గా వాళ్లను ఎవరు నిలదీశారు?

ఇదంతా ఓపిగ్గా విన్న బాబాయి మిగిలిన మాత్ర తీసి చూపించారు.

"మరి దీన్ని సింకులో పడేయనా?"