తప్పంతా టిఫిన్ బాక్సుదేనా?

పోయిన వారం ఇక్కడ చెన్నైలో మా అబ్బాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ పెట్టారు. పిల్లల్లో ఊబకాయం గురించి మాట్లాడటానికి ఒక డాక్టరు గారిని పిలిచారు. గంటసేపు స్లైడ్లు వేసి చెప్పిన దాని సారాంశం ఇది: అమ్మలు టిఫిన్ బాక్సులో కీరా ముక్కలు పెట్టాలి, అమ్మలు నూనె తగ్గించాలి, అమ్మలు టీవీ కట్టేయాలి. హాల్లో నాన్నలు కూడా చాలామందే ఉన్నారు. వాళ్ల వంక ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. బయటికి వస్తే వరండాలో టేబుల్ వేసి పిల్లలకి తలా ఒక చిన్న సాషే పంచుతున్నారు. పాలలో కలుపుకునే చాక్లెట్ పొడి. స్పాన్సర్ అట!

డాక్టరు గారి మీద నాకేం కోపం లేదు. ఆయన చెప్పినవి అబద్ధాలూ కావు. కానీ ఈ విషయం ఎవరు ఎత్తినా చివరికి వచ్చి మన వంటింట్లోనే కూర్చుంటారు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో ఏం వండాలన్నది నా చేతిలో ఉంది, ఒప్పుకుంటా. గేటు బయట ఏం అమ్మాలి, ప్యాకెట్ మీద ఏం రాయాలి, దేని మీద ఎంత పన్ను వేయాలి, పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి, ఇవి కూడా నా చేతిలోనే ఉన్నాయా?

గేటు సంగతే చూద్దాం. రూలు లేదా అంటే, ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలు స్కూలు క్యాంటీన్లోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా పిల్లలకి అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో నిబంధనలు తెచ్చింది. ఢిల్లీ హైకోర్టులో 2010లో పడిన ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం, అంటే పిల్‌తో మొదలైన వ్యవహారం అది. కాగితం మీదికి రావడానికే పదేళ్లు పట్టింది.

మా స్కూలు గేటుకి సరిగ్గా ఎదురుగా ఒక పెట్టికొట్టు ఉంది. సాయంత్రం బెల్లు కొట్టాక వచ్చి చూడండి. ఐదు రూపాయల ప్యాకెట్లు, పది రూపాయల ప్యాకెట్లు దండలు దండలుగా వేలాడుతుంటాయి, అదీ మూడో క్లాసు పిల్లాడి చేతికి అందే ఎత్తులో. పిల్లలు జేబులోంచి చెమట పట్టిన నాణెం తీసి పెడతారు. కొట్టాయన నోరు తెరిచి అడిగే పని కూడా లేదు, ఎవడికి ఏ రంగు ప్యాకెట్ కావాలో ఆయనకి కంఠతా వచ్చు. టర్రుమని చింపి చేతిలో పెడతాడు. ఆయనది నెల్లూరు వైపు. "అన్నా, స్కూలు ముందు ఇవి అమ్మకూడదని రూలుంది, తెలుసా?" అని అడిగాను. "అట్నా అక్కా? సిగరెట్లు అమ్మబాకని వచ్చి చెప్పిపోయినారు గానీ, ఈటి గురించి ఎవురూ చెప్పలా" అన్నాడు.

పూర్తిగా నమ్ముతాను. సిగరెట్ల చట్టం 2003 నాటిది, స్కూలుకి వంద గజాల లోపల అమ్మకూడదు. ఆ బోర్డు మా స్కూలు గోడ మీద కూడా ఉంది. చిప్స్ విషయంలో అలాంటి బోర్డు ఎక్కడైనా మీకు కనిపించిందా? నాకు కనిపించలేదు. అలాగని ఆ కొట్టాయనకి ఫైన్ వేయమని నేను అనను. పాపం, ఆయన రోజు గడవాలి. ఆ దండలున్న చోట ఉడకబెట్టిన వేరుశెనగలు, బీచ్‌లో దొరికేలాంటి తాళింపు శనగల సుండల్, ఉప్పూ కారం చల్లిన జామకాయ అమ్ముకోవడానికి కార్పొరేషన్ కాస్త సాయం చేస్తే చాలు. అవి కొనే పిల్లలు లేరని ఎవరైనా అంటే మెరీనాకి తీసుకెళ్లి చూపిస్తా.

ఇక ప్యాకెట్ మీద రాతలు. "చదివి కొనండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఒకసారి ఆ రాతలు చదివి చూపించాలి. ఫోన్ కెమెరా పెట్టి జూమ్ చేస్తే గానీ కనపడవు. కనపడినా లెక్క వంద గ్రాములకి ఉంటుంది, చేతిలో ఉన్న ప్యాకెట్ నలభై చిల్లర గ్రాములు. కూరగాయల సంచీ ఒక చేత, ఏడుస్తున్న పిల్లాడు ఇంకో చేత, ఆ భాగహారం ఎవరు చేస్తారు? చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు, క్యాలరీలు హద్దు దాటితే ప్యాకెట్ ముందు వైపునే నల్లటి ఎనిమిది పలకల ముద్ర వేయాలి. ముద్ర పడిన వాటి మీద పిల్లల్ని ఆకర్షించే కార్టూన్ బొమ్మలు ఉండకూడదు, స్కూళ్లలో అమ్మకూడదు. ఆ చట్టం వచ్చాక ముద్ర పడే తీపి డ్రింకుల కొనుగోళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు.

మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో ఏం ప్రతిపాదించిందో తెలుసా? నక్షత్రాలు. అర నక్షత్రం నుంచి ఐదు దాకా. ఫ్రిజ్ మీద, ఏసీ మీద నక్షత్రాలు చూసి కొనడం మనకి అలవాటు, నక్షత్రం ఉందంటే మంచి సరుకని లెక్క. చక్కెర దట్టించిన వాటిలో కాస్త పీచు, నాలుగు బాదం పలుకులు కలిపితే మార్కులు పెరిగే పద్ధతి అది. హెచ్చరించాల్సిన చోట సర్టిఫికెట్ ఇస్తామన్నారు! ఈ లేబుల్ సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెబితే, జులైలో మరో మూడు నెలలు గడువు తీసుకున్నారు. 50 మీటర్ల రూలు పదేళ్లు పట్టిందని పైన చెప్పాను కదా, ఇది ఎంతకాలం నడుస్తుందో మీరే ఊహించుకోండి.

అసలు కడుపు మంట పన్నుల దగ్గర. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త జీఎస్టీ వచ్చింది. బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీం 18 శాతం నుంచి 5కి దిగాయి. మిక్చర్లు, భుజియాలు 12 నుంచి 5కి. అట్టపెట్టెలో వచ్చే పండ్ల రసం డ్రింకులు, గ్యాస్ లేనివి, అవీ 12 నుంచి 5కి. ధరలు తగ్గితే నాకూ సంతోషమే, నెల సామాన్ల బిల్లు కట్టేది నేనే. కానీ అదే ఏడాది జనవరిలో కేంద్రం పెట్టిన ఆర్థిక సర్వే ఇలాంటి అల్ట్రా ప్రాసెస్డ్, అంటే ఫ్యాక్టరీలో బాగా మార్చి తయారుచేసిన ఆహారం మీద హెల్త్ టాక్స్ వేయడం మంచిదని సలహా ఇచ్చింది. ఈ చేత్తో రాసింది ఆ చేతికి తెలియదా?

గ్యాస్ డ్రింకుల మీద 40 శాతం వేశారు కదా అంటారు. వేశారు. చక్కెర లేని డైట్ సోడాకీ అంతే, చక్కెర పాకం లాంటి దానికీ అంతే. అలాంటప్పుడు కంపెనీవాడు చక్కెర ఎందుకు తగ్గిస్తాడు? బ్రిటన్‌లో 2018లో పెట్టిన పన్ను చూడండి. వంద మిల్లీలీటర్లలో 5 గ్రాముల చక్కెర ఉంటే ఒక రేటు, 8 గ్రాములకి చేరితే అంతకన్నా ఎక్కువ, 5 లోపుంటే అసలు లేదు. పన్ను అమల్లోకి వచ్చేలోపే చాలా కంపెనీలు ఫార్ములా మార్చి చక్కెర తగ్గించాయి. ఆ తర్వాత పది పదకొండేళ్ల ఆడపిల్లల్లో ఊబకాయం 8 శాతం దాకా తగ్గినట్టు ఒక అధ్యయనంలో తేలింది. మగపిల్లల్లో ఆ తేడా కనిపించలేదు, అదీ చెప్పాలి. పన్ను ఒక్కటే అన్నీ చేసేయదు. మన పక్కనే కేరళ 2016లో బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం ఫ్యాట్ టాక్స్ వేసింది. పెద్ద రెస్టారెంట్లకే పరిమితం చేసి, పెట్టికొట్టు ప్యాకెట్ జోలికి పోలేదు. మరుసటి ఏడాది జీఎస్టీ రాగానే అదీ పోయింది.

ఇది డబ్బున్న పిల్లల జబ్బు అనుకునేవాళ్లకి ఒక లెక్క. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు పదేళ్ల కిందటే చెన్నై స్కూళ్లలో దాదాపు 19 వేల మంది పిల్లల్ని పరీక్షించారు. ప్రైవేటు స్కూళ్లలో అధిక బరువు 21.4 శాతం, ప్రభుత్వ స్కూళ్లలో 3.6. ఆ 3.6 చూసి మురిసిపోనక్కర్లేదు, చాలీచాలని తిండి కూడా అందులో ఒక కారణం. కానీ ఐదు రూపాయలకే ప్యాకెట్ దొరుకుతున్నప్పుడు ఆ గీత ఎంతకాలం అక్కడే ఆగుతుంది? దేశం మొత్తం మీద ఐదేళ్ల లోపు పిల్లల్లో అధిక బరువు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2.1 శాతం, 2019-21 సర్వేకి 3.4.

ప్రభుత్వానికి చేతకాదని మాత్రం ఈ ఊళ్లో ఉండి ఎవరూ అనకూడదు. 1920లో మద్రాస్ కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకి మధ్యాహ్నం తిండి పెట్టడం మొదలుపెట్టింది, అప్పటి అధ్యక్షుడు మన పిట్టి త్యాగరాయ చెట్టి గారే. టి.నగర్‌లో షాపింగ్ చేస్తూ ఆ 'టి' ఎవరో మనవాళ్లకే గుర్తుండదు, అది వేరే సంగతి. 1982లో ఎంజీఆర్ బడి భోజనాన్ని రాష్ట్రంలో పెద్ద ఎత్తున విస్తరించారు. 2022 నుంచి పొద్దున టిఫిన్ కూడా పెడుతున్నారు, ఉప్మా, పొంగలి, కిచిడీ. వేడివేడిగా వండి లక్షల మందికి వడ్డించగలిగిన వ్యవస్థకి గేటు ముందు 50 మీటర్లు కొలవడం కష్టమా?

ఆటస్థలం గురించి రాస్తే ఇంకో పోస్ట్ అవుతుంది. 2024లో చెన్నై కార్పొరేషన్ తన ఫుట్‌బాల్ టర్ఫులని, అంటే కృత్రిమ గడ్డి మైదానాలని, ప్రైవేటుకిచ్చి, ఆడేవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేసే తీర్మానం చేసింది. జనం గోల పెట్టాక వెనక్కి తీసుకుంది. గోల పెడితే పని జరుగుతుందని నాకు అర్థమైంది అక్కడే.

"మా కాలంలో ఇవన్నీ లేవు, క్రమశిక్షణ ఉండేది" అని కామెంట్ పెట్టబోతున్న బాబాయిలకి ముందే ఒక మాట. మీ కాలంలో బడి ముందు రేగుపళ్ల ముసలమ్మ ఉండేది, ఇంటి ముందు వీధి ఖాళీగా ఉండేది. ఇప్పుడు మా వీధికి రెండు వైపులా కార్లే. దయచేసి కింద టిఫిన్ బాక్సు రెసిపీలు మాత్రం పెట్టకండి, నా దగ్గర చాలా ఉన్నాయి.