బండ కింద ఒక పద్దు, బండ పైన ఒక పద్దు

మా కాలనీ తిరుపతిలో ఉందా లేదా అన్నది అడిగేవాళ్ళను బట్టి మారుతుంది. పెళ్ళి సంబంధం వాళ్ళు అడిగితే తిరుపతే. కొరియర్ అబ్బాయి ఫోన్ చేసినా తిరుపతే. ఇంటి పన్ను కట్టే రోజు మాత్రం మాది గ్రామ పంచాయతీ. తిరుపతి 1886లోనే మున్సిపాలిటీ అయింది, 2007లో కార్పొరేషన్ కూడా అయింది. ఆ హద్దు పెరుగుతూ పెరుగుతూ మా వీధి చివర టీ అంగడి దాకా వచ్చి ఆగిపోయింది. టీ కాచేది కార్పొరేషన్లో, తాగి గ్లాసు పెట్టేది పంచాయతీలో. గ్రేటర్ తిరుపతి చేసి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపేస్తారని మాట లేచినప్పుడల్లా, పన్ను పెరుగుతుందని సొంతిళ్ళ వాళ్ళు మొహం మాడ్చుకుంటారు, రోడ్లు వస్తాయని బాడుగకున్న వాళ్ళు సంబరపడతారు. రోడ్డు వస్తే బాడుగ కూడా పెరుగుతుందని వాళ్ళకింకా తట్టలేదు. సొంతిళ్ళ వాళ్ళు చెప్పనూ చెప్పరు.

ఈ రాజ్యాంగ సందిగ్ధంలోనే మా మూల మీది కాలువ బండ పగిలింది.

2021 నవంబరు వానలను తిరుపతి వాళ్ళెవరూ మరిచిపోరు. శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయిన వాన అది. మా బండ పాపం అప్పుడు కొట్టుకుపోలేదు, ఒక చీలిక ఇచ్చి ఊరుకుంది. తర్వాత రెండేళ్ళకు పైగా దాని మీదే స్కూటర్లు, ఆటోలు, పాల వ్యాన్లు పోయాయి. చివరికి ఒక ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు ఎక్కింది, బండ దిగింది. నీళ్ళు లేక తెప్పించుకున్న ట్యాంకరు కదా, దాన్నేమీ అనలేకపోయాం. ముందు నీళ్ళు పట్టుకున్నాం.

మిగిలిన గుంత స్కూటరు ముందు చక్రానికి కొలిచి తీసినట్టు కుదిరింది. వెనక చక్రం పైనే ఉంటుంది, మనిషి మాత్రం హ్యాండిల్ మీదుగా వీధికి నమస్కారం పెడతాడు. మొదట పడింది పాలాయన. లీటర్ల కొద్దీ పాలు కాలువలో కలిసిపోతే, ఇన్నేళ్ళలో ఆ పాలు అంత చిక్కగా ఎప్పుడూ కనబడలేదని మా ఆవిడ వ్యాఖ్యానించింది. తర్వాత రిటైర్డ్ హెడ్మాస్టరు గారు పడ్డారు. మోకాలు చీరుకుపోయినా ఆయన లేవగానే అడిగింది, “పెరుగు ప్యాకెట్టు చినిగిందా?” అని. ఇంట్లో ఆయన పరిస్థితి ఏమిటో ఆ ఒక్క ప్రశ్నతో వీధంతటికీ అర్థమైంది.

అర్జీ రాద్దామని అందరూ అన్నారు. హెడ్మాస్టరు గారే రాశారు, మూడు పేజీలు. అందులో పెరుగు ప్రస్తావన లేదు, ప్రజారోగ్యం ఉంది.

సరిగ్గా అప్పుడే గ్రామసభ వచ్చింది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు సభలు పెట్టారు. మామూలుగా గ్రామసభ అంటే మా కాలనీ నుంచి ఎవరూ పోరు. ఆ రోజు మాత్రం షామియానా, మైకు, మజ్జిగ ప్యాకెట్లు చూసి, ఇదేదో నిజంగానే జరిగేట్టుందని అందరం పోయాం. హెడ్మాస్టరు గారు మోకాలి కట్టు కనబడేట్టు పంచె కాస్త పైకి కట్టుకొచ్చారు.

పంచాయతీ సెక్రటరీ కుర్రవాడు. మంచివాడు కూడా. అర్జీ మూడు పేజీలూ చదివాడు, అక్కడే మాకు ఆయన మీద గౌరవం పెరిగింది. చదివి, చాలా బాధగా అన్నాడు:

“చెయ్యాల్సిందే సార్. ఏ పద్దులో పెట్టాలనేదే టెన్షన్.”

“పద్దేమిటి నాయనా? బండ పగిలింది, బండ వెయ్యండి.”

“అట్ల కాదు సార్. ఢిల్లీ నుంచి పంచాయతీలకొచ్చే ఫైనాన్స్ కమిషన్ దుడ్లు నూటికి అరవై టైడు. అందులో సగం తాగే నీళ్ళకి, సగం పారిశుద్ధ్యానికి. వాటికే పెట్టాల. తక్కిన నలభై అన్‌టైడు. జీతాలకు తప్ప ఊరికి ఏం కావాలన్నా పెట్టుకోవచ్చు.”

“ఇంకేం మరి. కాలువే కదా, పారిశుద్ధ్యంలో రాసెయ్.”

“కాలువ బాగానే ఉండాది సార్. చెడింది బండ. బండ మీద బండ్లు పోతాయి, అంటే అది రోడ్డు. రోడ్డంటే అన్‌టైడు. అన్‌టైడు ఈసారి వీధి దీపాలకు రాసేసినాం.”

“బండ కింద నీళ్ళు పోతాయి కదా!”

“నీళ్ళు ఆగితే పారిశుద్ధ్యం సార్. పోతానే ఉండాయి కదా.”

షామియానా కింద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక వరుసలో ఎవరో, “కసువేసి ఆపేద్దామా?” అన్నారు. సెక్రటరీ ఆ మాట వినబడనట్టు కాగితాలు సర్దుకున్నాడు. మజ్జిగ తాగుతున్న సర్పంచు గారు, ఉపాధి హామీలో పెట్టొచ్చేమో చూడమన్నారు. దానికి పని అడిగేవాళ్ళు ఉండాలి, వాళ్ళకు జాబ్ కార్డులుండాలి. కాలనీలో ఎవరికున్నాయని సెక్రటరీ అడిగితే, హెడ్మాస్టరు గారు జేబులోంచి పెన్షన్ కార్డు తీసి చూపించారు. పని చెయ్యడానికి ఆయన సిద్ధమే. మోకాలే ఒప్పుకోదు.

వీధి దీపాలు మాత్రం మాట తప్పకుండా వచ్చాయి. ఆ మూలలోనే ఒకటి పెట్టారు. అంతకుముందు రాత్రిపూట గుంత కనబడక పడేవాళ్ళం. ఇప్పుడు కనబడి పడుతున్నాం.

సెప్టెంబరులో వినాయక చవితి వచ్చింది. మా కాలనీ కమిటీ పంచాయతీ కన్నా గట్టిది. చందాలు ఇవ్వనివాళ్ళ పేర్లు మైకులో చదవదు గానీ, ఇచ్చినవాళ్ళ పేర్లు ఇవ్వనివాళ్ళ గేటు ముందు నిలబడి చదువుతుంది. లడ్డూ వేలం కూడా బాగా పలికింది. వినాయకసాగర్‌లో నిమజ్జనం చేసొచ్చి, డీజే వాడికి, ట్రాక్టరుకు, పులిహోర మాస్టరుకు ఇచ్చెయ్యగా 22 వేలు మిగిలింది. మేస్త్రీని అడిగితే బండకు 14 వేలవుతుందన్నాడు. పగిలిన బండ మీద ఇంత సులువైన లెక్క ఇంకోటి ఉండదని మేమంతా ట్రెజరర్ మామ ఇంటికి పోయాం.

మామ ట్రెజరీ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. ఆయన చేతిలోకి పోయిన డబ్బు బయటికి రావాలంటే మూడు సంతకాలు, ఒక శుభముహూర్తం కావాలి.

“దేవుడి దుడ్డు తీసుకపోయి కాలువలో పోస్తామా?” అన్నాడు.

“కాలువలో కాదు మామా, కాలువ మీద.”

“మీదైనా, కిందైనా, చందా రసీదు మీద ఏం రాసినాం? శ్రీ వినాయక చవితి ఉత్సవాలు అని రాసినాం. కాలువ అని రాసినామా? రేపు ఎవడన్నా లెక్కడిగితే ఎవరు చెప్తారు?”

ఆగస్టులో సెక్రటరీ టైడు, అన్‌టైడు అంటున్నప్పుడు అందరికన్నా గట్టిగా నవ్వింది ఈ మామే. అది గుర్తు చేస్తే, అది ప్రభుత్వం, ఇది దైవం అన్నాడు.

వీధి మొగలో ఇడ్లీ అంగడి పెట్టుకున్న అక్క కూడా మాతో వచ్చింది. ఆమె ఒక పాయింటు లాగింది. “నిమజ్జనానికి పొయ్యేటప్పుడు ట్రాక్టరు చక్రం ఆ గుంతలోనే కదన్నా దిగబడింది? వినాయకుడు పక్కకు ఒరిగిపొయ్యె. దేవుడు పడినాడంటే అది దేవుడి ఖర్చే కదా?”

మామ నిజంగానే ఆలోచించాడు. ఆలోచించి, “దేవుడు పడలేదమ్మా, ట్రాక్టరు పడింది. ట్రాక్టరు మనది కాదు, బాడుగది,” అని తలుపు దగ్గరికి వేశాడు.

ఆ డబ్బు బ్యాంకులోనే ఉంది. గుంత వీధిలోనే ఉంది. చలికాలం గడిచింది. పడేవాళ్ళు పడుతున్నారు. కొత్తగా బాడుగకొచ్చిన వాళ్ళకు ఇంటి ఓనర్లు తాళం చెవితో పాటు గుంత సంగతి కూడా చెబుతున్నారు.

ఉగాది దాటాక ఇడ్లీ అక్క విసుగెత్తి, ఒక వేపకొమ్మ విరిచి ఆ గుంతలో నిలబెట్టింది. దూరానికి కనబడాలని ఎర్ర పాత చీర చింపి కొమ్మకు కట్టింది. ఇది చాలా మంచి ఏర్పాటు. ఒక్క స్కూటరు కూడా పడలేదు. కొమ్మ వాడిపోతే ఆమె ఇంకో కొమ్మ పెట్టేది. ఇందులో దైవభక్తి ఏమీ లేదు. పడినవాళ్ళంతా లేచి ఆమె అంగడి బెంచీ మీదే కూర్చుని, నీళ్ళు తాగి, ఇడ్లీ తినకుండా పోతున్నారు, అదీ ఆమె బాధ.

ఒక మంగళవారం పొద్దున చూస్తే కొమ్మ మొదట్లో కుంకుమ ఉంది. శుక్రవారానికి రెండు నిమ్మకాయలు చేరాయి. తర్వాత ఎవరో పగిలిన బండ ముక్కకు పసుపు పూశారు. ఎవరని అడిగితే ఎవరూ చెప్పరు, పక్కవీధి వాళ్ళయి ఉంటారంటారు. పక్కవీధిలో అడిగితే, మీ వీధిలో అమ్మవారు వెలిసిందట కదా, మేమూ చూసి పోదామని వచ్చామన్నారు. పాలాయన అక్కడ ఆగి చెంపలు వేసుకుని మరీ పోతున్నాడు. మొట్టమొదట తననే తోసింది కాబట్టి తన మీదే అమ్మకు చూపు ఎక్కువని ఆయన నమ్మకం.

మే నెల వచ్చింది, గంగమ్మ జాతర వచ్చింది. తిరుపతి వాళ్ళకు దీని గురించి చెప్పనక్కర్లేదు. అవిలాల నుంచి సారె వస్తుంది, చాటింపు వేస్తారు, జాతర ముగిసేదాకా ఊరు విడిచి పోకూడదంటారు. ఆడవాళ్ళను చెరిచే పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు రోజుకొక వేషం కట్టిందని కథ. బైరాగి, బండ, తోటి అని వరసగా కట్టి, దొర వేషం నాడు వాడు బయటికొస్తే మట్టుపెట్టింది. అందుకే జనం కూడా రోజుకొక వేషం కడతారు. కొన్ని వేషాలకు బూతులు తిట్టే హక్కు ఉంది. వేషం కట్టినవాడు తిడితే ఎవరూ కోపం తెచ్చుకోరు. అది అమ్మవారి తిట్టు, తగిలితే మంచిదే.

మా కుర్రాళ్ళు వేషాలు కట్టుకుని ఆ కొమ్మ దగ్గర నిలబడి, గుంతకు కారణమైన వాళ్ళందర్నీ వరసగా అందుకున్నారు. ట్యాంకరు నుంచి మొదలుపెట్టి ఢిల్లీలో డబ్బు పంచేవాళ్ళ దాకా వదల్లేదు. ఆ మాటలు ఇక్కడ రాయలేను. టైడు, అన్‌టైడు అన్న మాటలకు ముందూ వెనకా ఏమేం చేర్చవచ్చో ఆరోజే తెలిసింది. ముప్పై ఏళ్ళు పిల్లల భాషను దిద్దిన హెడ్మాస్టరు గారు చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, చివరిదాకా విన్నారు. మధ్యలో ఒక చోట కర్త లోపించిందని సవరించారు కూడా. ట్రెజరర్ మామ గేటు వెనక నుంచి వినబోతే ఆయన వాటా ఆయనకూ అందింది.

సెక్రటరీ ఆ వారం మా వైపు రాలేదు. దొర వేషం నాడు కూడా బయటికి రాలేదంటే ఈయన పాలెగాడి కన్నా తెలివైనవాడని టీ అంగడిలో అనుకున్నారు. నిజానికి ఆయన ఏదో ట్రైనింగుకు పోయాడట.

జాతర అయిన మరుసటి ఆదివారం మామ కమిటీని తనే పిలిపించాడు. తిట్టు గట్టిగానే తగిలినట్టుంది.

“అమ్మవారు ఎండలో, కాలువ వాసనలో ఉండటం మంచిది కాదు. ఒక అరుగు కట్టిస్తాం. దానికి దేవుడి దుడ్డు వాడొచ్చు.”

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏకగ్రీవంగా ఆమోదించాం. లెక్కల పుస్తకంలో మామ గుండ్రటి అక్షరాలతో “అమ్మవారి అరుగు: సిమెంటు, కమ్మి, కూలి” అని రాసుకున్నాడు. బండ అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. మేస్త్రీకి మాత్రం విడిగా చెప్పాం, నాయనా, నువ్వు వేసేది బండే, పైన ఒక జానెడు అరుగు లేపు చాలు అని.

మేస్త్రీ భక్తుడు. జానెడన్నది మూరెడు లేపాడు. అదీ ఓ పక్కన కాదు, కొమ్మ ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే, వీధికి నట్టనడుమ. చుట్టూ టైల్సు వేశాడు. గుంత పూర్తిగా మూసుకుపోయింది, ఇక ఎవరూ పడే ప్రమాదం లేదు. ఎందుకంటే ఎవరూ అటు పోలేరు. స్కూటరు ఎడమ గోడకు రాసుకుంటూ పోతుంది. ఆటో అక్కడే ఆగి, దిగి నడవమంటుంది. నీళ్ళ ట్యాంకరు మూల దగ్గరే నిలబడి, పైపు ఎంత పొడుగు ఉందో చూసుకోండంటుంది.

ఆ తర్వాతి గ్రామసభకు ముందు సెక్రటరీ వచ్చి చూశాడు. ముందు చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత చుట్టూ తిరిగి, వంగి, కాలువలోకి టార్చి కొట్టి చూశాడు. ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగిపోయింది.

“సార్! నీళ్ళు ఆగిపొయినాయి సార్!”

నిజమే. మేస్త్రీ పాత బండ ముక్కలు, మిగిలిన కంకర కాలువలోకే తోసి పైన కప్పేశాడు. ఎగువన కాలువ నిండి, మామ ఇంటి ముందు దోమలు సభ పెట్టాయి.

“ఇప్పుడు పక్కాగా పారిశుద్ధ్యం సార్. టైడులో పెట్టొచ్చు. దుడ్లు కూడా ఉండాయి. ఈ అరుగు తీసేసి, కాలువ బాగుచేసి, మంచి బండ ఒకటి…”

“అమ్మవారి అరుగు మీద చెయ్యి వేస్తారా?” అన్నాడు మామ. గొంతు పెద్దదే గానీ, ఒక చేత్తో దోమలు తోలుకుంటూ అన్నాడు.

సెక్రటరీ నోటు పుస్తకం తీశాడు. ఇడ్లీ అక్క ఉత్త చేతుల్తో పెనం మీది నుంచి దోసె తీస్తూనే ఒక సందేహం అడిగింది:

“తవ్వినాక బండేసేదాకా గుంత ఉంటుంది కదా సార్. కొమ్మ మేం పెట్టాల్నా, మీరే తెస్తారా?”

పై ఆఫీసును అడిగి చెప్తానన్నాడు.