‘ఏమో’ అన్నాడని ఆపేయకండి
పిల్లలతో గొడవల్ని పరిష్కరించుకోవడానికి మనస్తత్వవేత్త రాస్ గ్రీన్ చెప్పిన పద్ధతిపై మీ వ్యాసం చదివాను. అందులో పిల్లలతో కలిసి పరిష్కారం వెతికే ‘ప్లాన్ బి’ గురించి బాగా రాశారు. ముందు వాళ్ల మాట వినాలి, తర్వాత మన ఇబ్బంది చెప్పాలి, ఆపైన ఇద్దరం కలిసి దారి చూసుకోవాలి. చదవడానికి తేలికే. నేను మొదటి మెట్టు దగ్గరే బోల్తా పడ్డాను. హోంవర్క్ ఎందుకు చేయట్లేదురా అంటే మావాడు ‘ఏమో’ అన్నాడు. అంతే, క్లాసు పీకేశాను! గొడవ మధ్యలో అడగడమే నా పొరపాటు. రెండ్రోజులాగి తీరిగ్గా కదిపితే, పెన్సిల్ చెక్కుకుంటూ మెల్లగా చెప్పాడు: లెక్కలు వచ్చుగానీ, అన్నేసి రాస్తుంటే చెయ్యి నొప్పి పుడుతోందట. నేనేమో బద్ధకం అనుకున్నా. ఇప్పుడు సగం రాసి, విరామం తీసుకుని, మిగతాది తర్వాత రాస్తున్నాడు. ఐడియా వాడిదే.

మీరు ‘ప్లాన్ సి’ని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ప్లాన్ సి అంటే కొన్ని సమస్యల్ని ప్రస్తుతానికి పక్కన పెట్టడం; అదీ ఆ పద్ధతిలో భాగమే కదా. మా ఇంట్లో గది సర్దుకోవడం ఆరు నెలలుగా అందులోనే ఉంది.