గౌరవ వేతనం తీసుకుంటూ ప్రవక్తలా మాట్లాడటం కుదరదు

ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకి నెలకి 5,000 గౌరవ వేతనం జగన్ హయాంలో మొదలైంది, ప్రభుత్వం మారినా ఆగలేదు. ఎవరు బాగా ఇచ్చారు, ఎవరు బకాయి పెట్టారు అని రెండు పార్టీలూ వాదించుకుంటున్నాయి. నేననేది ఒకటే, క్రైస్తవ సంఘం ఆ డబ్బు అసలు ముట్టుకోకూడదు.

పల్లెటూళ్ళో కానుకలతో పాస్టరు గారి ఇల్లు గడవదు, అర్చకులకి, ఇమాములకి ఇస్తున్నప్పుడు మనకెందుకు వద్దు అంటారు. వాళ్ళ ఇబ్బంది నిజమే. కానీ అది తీర్చాల్సింది సిటీల్లో ఏసీ మందిరాలు కట్టే పెద్ద సంఘాలు, ప్రభుత్వ ఖజానా కాదు.

బైబిల్లో ఆమోసు ప్రవక్త గ్రంథం 7వ అధ్యాయం తీయండి. బేతేలు యాజకుడు అమజ్యా, ఇది రాజు గారి గుడి, ఇక్కడ ప్రవచించొద్దు, నీ దేశం పోయి అక్కడ తిండి సంపాదించుకో అంటాడు. ఆమోసు ఏమన్నాడు? నేను పసుల కాపరిని, మేడిపండ్లు ఏరుకునేవాణ్ణి అన్నాడు. అంటే నా కూడు మీ రాజు పెట్టట్లేదు కాబట్టి నా నోరు మీరు మూయలేరు అనేగా! అధికారంతో సంఘం ఎలా ఉండాలో మొత్తం అందులోనే ఉంది.

మరి క్రిస్మస్‌కి ముందు మనం జరిపే సెమీ క్రిస్మస్‌లు చూడండి, ఎమ్మెల్యే గారు వచ్చేదాకా ప్రార్థన మొదలవదు, ముందు వరసలో సోఫాలు, ప్రతి ఆదివారం చీర కొంగున కట్టుకొచ్చిన పది రూపాయలు కానుకేసే ముసలమ్మ వెనక పట్టా మీద. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, పేదవాడికి కాళ్ళ దగ్గర చోటా అని యాకోబు పత్రిక 2వ అధ్యాయం తిట్టింది దీన్నే కదా.

ఇలా అధికారానికి ఒదిగి ఉండటం వల్ల నష్టపోయేది దళిత క్రైస్తవులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా హిందువులకే అంది, 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని కలిపారు, మనవాళ్ళు ఇంకా బయటే. 2023లో మనవాళ్ళకీ ఆ హోదా ఇవ్వాలని అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపి చేతులు దులుపుకుంది. 2025లో ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసుని, మతం మారాక ఎస్సీ కిందకి రారని హైకోర్టు కొట్టేసింది. మతం మారితే మాలపల్లె, మాదిగపల్లె మారిపోయాయా? సంఘం రాజకీయాల్లోకి రావాల్సింది ఇక్కడ, టికెట్ల కోసమో గౌరవ వేతనం కోసమో కాదు. ఈ డిసెంబర్‌లో మీ స్టేజీ ఎక్కే ఎంపీ గారిని, శాలువా కప్పే ముందు, 1950 ఉత్తర్వు మీద పార్లమెంటులో ఎప్పుడు మాట్లాడతారో అదే మైకులో అందరి ముందూ అడగండి.